మూడో డిస్కు

గురువారం పొద్దున ఆయన కంప్యూటర్ మీట పదకొండోసారి నొక్కాడు. పెట్టె లోపల పంకా తిరిగింది, తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి, అంతా నల్లబడింది. మళ్ళీ గుర్తు. మళ్ళీ చుక్కలు. మళ్ళీ నలుపు. ఆమె వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి చూసింది. ఆ కంప్యూటర్‌కీ ఆమెకీ తొమ్మిదేళ్ళుగా ఉప్పూ నిప్పూ. అయినా ఇంట్లో జబ్బు చేసినప్పుడు గిట్టనివాళ్ళ మంచం పక్కన కూడా కాసేపు నిలబడతాం కదా, అదీ సంగతి.

"ఎక్కడికీ పోదు," అన్నాడు ఆయన, ఎవరితోనో అన్నట్టు. "అంతా లోపలే ఉంది. పైకి రావట్లేదంతే."

అంతా అంటే అంతా. వంతెనల ఆఫీసులో ఆయన గీసిన పటం కింద ఇంకొకడి సంతకం పడిన రోజు మొదలుకొని, ఆ సంతకంవాడు పెద్ద కుర్చీ ఎక్కడం, ఈయన ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చోవడం, అన్నిటికీ సాక్ష్యాలు, అర్జీలు, వాటికి జవాబులు, ఆ జవాబులకు జవాబులు. అన్నీ చదివీ చదివీ ఫైళ్ళ పేర్లు ఆమెకు కంఠతా వచ్చు. 'చివరి అర్జీ'. 'చివరి అర్జీ, సవరించినది'. 'ఇదే చివరిది'. 'ఇదే చివరిది, రెండు'. ఒక నకలు ఎక్కడైనా దాచుకోండి మహానుభావా అని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. నకలు తీస్తే అది వాళ్ళ చేతిలో పడుతుందని ఆయన భయం. వాళ్ళకి అసలు ఈయన పేరైనా గుర్తుందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

"నేను తీసుకెళ్తాను," అంది ఆమె. "మా షాపు సందు చివర ఒకావిడ బాగుచేస్తుంది. మంచి పేరుంది."

ఆయన తనే తీసుకెళ్తానని అనలేదు. ఆ సందు మొదట్లో ఉన్న టీ కొట్టుకి పాత ఆఫీసు వాళ్ళు వస్తారు. ఆయన ఆ వైపు వెళ్ళి ఎన్నేళ్ళయిందో లెక్క లేదు. తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, పెట్టెను పాత దుప్పట్లో చుట్టి, నాలుగు మూలలూ కట్టి ఆమె చేతికిచ్చాడు.

"వంచకు. నిలువుగానే పట్టుకో. కుదుపు తగలనివ్వకు."

తనకి జ్వరం వచ్చి ఆస్పత్రికి వెళ్ళిన రోజు కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదని ఆమె అనుకుంది గానీ పైకి అనలేదు. వెళ్ళబోతూ బీరువాలో అడుగున ఉన్న కాగితం కవరు తీసి సంచిలో పెట్టుకుంది. కంప్యూటర్ కొన్న రోజు దాంతోపాటు ఇచ్చిన మూడు డిస్కులు. ఎందుకిచ్చారో ఆమెకు తెలీదు. ఇచ్చినవి దాచడం మాత్రం తెలుసు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బయట మంచు ఇంకా విడలేదు. ఇళ్ళు, కరెంటు స్తంభాలు, సైకిళ్ళు అన్నీ సగం చెరిపేసిన బొమ్మల్లా వెనక్కి పోతున్నాయి. ఒళ్ళో దుప్పటి మూట. కండక్టరు దాన్నీ ఆమెనీ చూసి, "ఒకటా, ఒకటిన్నరా?" అన్నాడు. వెనక సీటులో ఎవరో నవ్వారు. ఆమె ఒక టిక్కెట్టే కొని, మూటను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఇంత బరువు ఎక్కడిదా అనిపించింది. మాటలకు బరువుండదంటారు. తొమ్మిదేళ్ళ పాటు పక్క గదిలోంచి ఆ మీటల టకటక వినేవాళ్ళని అడిగితే తెలుస్తుంది.

*

మెట్ల కింది గదికి 'కంప్యూటర్ క్లినిక్' అని బోర్డు పెట్టినందుకు దాని యజమానురాలు సందులో అందరికీ డాక్టరమ్మ అయిపోయింది. యాభై దాటిన మనిషి. కత్తిరించిన జుట్టు, జారిపోయే కళ్ళద్దాలు. మూట విప్పి, పెట్టె పక్క రేకు తీసి, చిన్న కుంచెతో లోపల దుమ్ము ఊడ్చింది. బూడిద రంగు పీచు ఉండలుగా రాలింది.

"దీన్ని ఎప్పుడైనా తుడిచారా?"

"పైన తుడుస్తానండీ. లోపలికి నన్ను రానివ్వరు."

డాక్టరమ్మ తన తెరకు కలిపి మీట నొక్కింది. గుర్తు, చుక్కలు, నలుపు. చెవి దగ్గరగా పెట్టి వింది. ఏవో మీటలు వరసగా నొక్కి తెల్లటి అక్షరాల పట్టిక ఒకటి తెప్పించి, పెదవులు కదుపుతూ చదువుకుంది.

"యంత్రానికి ఏమీ కాలేదు. దాన్ని నడిపే సిస్టమ్ చెడిపోయింది. గుండె గట్టిదే, మతి పోయింది. అంతే. డిస్కులేమైనా ఇచ్చారా కొన్నప్పుడు?"

ఆమె కవరు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ మూడింటినీ వెలుతురుకెత్తి తిప్పి చూసింది. ఒక్క గీత లేదు.

"ఇవి దాచినవాళ్ళలో ఈ పదేళ్ళకి మీరు రెండోవారు. ఇవి వేస్తే ఇది ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజుకి వెళ్ళిపోతుంది. ఆ రోజు ఎలా ఉందో అచ్చం అలాగే. తర్వాత మీరు పెట్టుకున్నవేవీ ఉండవు." కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మనుషులకి కూడా ఇలాంటి డిస్కులుంటే నేనీ పాటికి మేడ కట్టేదాన్ని."

ఆమె నవ్వలేదు. అది వచ్చిన రోజు కళ్ళ ముందు కదిలింది. ఆయన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టుకున్నాడు. మౌసుతో వంకరటింకరగా ఒక వంతెన గీసి, దాని మీద రెండు పుల్లల మనుషుల్ని నిలబెట్టి, ఇది నువ్వు, ఇది నేను, కింద నీళ్ళు తర్వాత గీస్తాను అన్నాడు. ఆ గది వెలుతురు, ఆయన చొక్కా వాసన కూడా అలాగే వచ్చి మెట్ల కింద కాసేపు నిలబడ్డాయి.

"ఏమండీ, అడుగుతున్నాను. లోపల కావలసినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే ముందు అవి తీసి పక్కన పెడతాను. ఒక రోజు ఎక్కువ పడుతుంది, అంతే."

"ఏమీ లేవు," అంది ఆమె.

అన్నాక ఆ మాట ఎవరన్నారా అని ఆమెకే అనిపించింది.

"ఫొటోలు?"

"లేవండీ."

"ఉత్తరాలు, ఆఫీసు కాగితాలు?"

"లేవు."

డాక్టరమ్మ ఒక కార్డు మీద పేరూ ఇంటి ఫోన్ నంబరూ అడిగి రాసుకుని, దాన్ని పెట్టెకి అతికించింది. వంగినప్పుడల్లా కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతున్నాయి. ఆమె ఇక చూడలేకపోయింది. "ఇలా ఇవ్వండి," అని అందుకుని, బల్ల మీదున్న అన్నిటికన్నా సన్న స్క్రూడ్రైవర్ తీసి కాడ మూలన మరను ముప్పాతిక చుట్టు బిగించింది. ముక్కు మీద ఆనే రెండు మెత్తల్నీ వేళ్ళతో కాస్త లోపలికి నొక్కి, తిరిగి పెట్టింది. డాక్టరమ్మ తల అటూ ఇటూ ఊపి చూసుకుంది. కదల్లేదు.

"ఇదా మీ పని?"

"అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతాను. వెనక గదిలో."

"అయితే మీదీ నాదీ ఒకటే. జనం కనబడ్డంలేదని వస్తారు." డాక్టరమ్మ కార్డు మీద తారీఖు వేసింది. "ముందు వచ్చినవి రెండున్నాయి. శనివారం పొద్దున మీది పెడతాను."

ఆ రోజు షాపు వెనక గదిలో ఆమె ఒక అద్దం పాడు చేసింది. అరగదీసే చక్రం మీద నీళ్ళు సన్నగా కారుతుంటే, తెల్లటి పిండిలాంటి అద్దం పొడి వేళ్ళ మీద పేరుతుంటే, ఎక్కడ ఆపాలో మరిచిపోయి వెంట్రుకవాసి ఎక్కువ తీసేసింది. ఫ్రేములో పెడితే గలగలలాడింది. ఇరవై రెండేళ్ళ పనిలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తీసిన గాజు మళ్ళీ అతకదు. కొత్త అద్దం తీసుకుని మొదట్నుంచి మొదలుపెట్టింది.

సాయంత్రం బస్సులో ఒక అబద్ధం తయారు చేసుకుంది. లోపలివి అన్నీ జాగ్రత్తగా తీసి పెడతానంది, అని చెప్పాలి. ఇంటి మెట్లెక్కుతూ రెండుసార్లు వల్లె వేసుకుంది. తీరా చూస్తే ఆయన వరండాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తున్నాడు. ఆమెను చూసి, "వచ్చావా," అన్నాడు. కంప్యూటర్ ఊసే ఎత్తలేదు. వేడిచేసిన అబద్ధం నోట్లోనే చల్లారిపోయింది.

*

శుక్రవారం ఆమెకు సెలవు. పొద్దున్నుంచి సన్నగా తుంపర. తొమ్మిదైనా తెల్లవారినట్టు లేదు. ఇంట్లో ఏదో తేడాగా ఉందని చాలాసేపు అనిపించి, చివరికి తెలిసింది, టకటక లేదు. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. తమ ఇంట్లో గడియారానికి చప్పుడుందన్న సంగతే ఆమె మరిచిపోయింది.

ఆయన లేచి ముఖం కడుక్కుని, ఏం చెయ్యాలో తోచక గదులన్నీ ఒకసారి తిరిగాడు. కిటికీ గడియ ఊగుతోంటే ఆగి, మేకు తీసి, అగ్గిపుల్ల ముక్క ఇరికించి మళ్ళీ కొట్టాడు. అది ఊగడం మొదలై నాలుగేళ్ళు. తర్వాత వచ్చి వంటగదిలో పీట మీద కూర్చుని, ఆమె ముందున్న చిక్కుడుకాయల పళ్ళెం తన వైపు లాక్కున్నాడు. నార తీయడం రాదు. సగం గింజలు కింద పడ్డాయి. ఆమె వాటిని ఏరి గిన్నెలో వేసింది.

"అద్దం అంచు అరగదీస్తారు కదా," అన్నాడు కాసేపటికి. "ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?"

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అడిగిన ప్రశ్న. ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది.

"చప్పుడు మారుతుంది," అంది. "ముందు గరగరమంటుంది. సరిపోయే చోటికి వచ్చాక సన్నబడుతుంది. చెవికి తెలుస్తుంది, కంటికి కాదు."

"కంటికి కాదు," అన్నాడు ఆయన. ఆ మాటను నోట్లో పెట్టుకుని చప్పరించినట్టు ఇంకోసారి అన్నాడు.

మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాడు. పగలు ఆయన నిద్రపోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. నోరు కాస్త తెరిచి, ఒక చెయ్యి మంచం దాటి వేలాడేసి, లోకంతో పనిలేనట్టు పడుకున్నాడు. కిటికీలోంచి బూడిద రంగు వెలుతురు ముఖం మీద పడుతోంది. ఆమె గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్నందుకు సిగ్గుగా ఉంది. దొంగసొమ్ముతో కొన్న మిఠాయి ఎంత తియ్యగా ఉంటుందో అంత తియ్యగానూ ఉంది.

అప్పుడే ఎదురింట్లో ఉండే వదిన వచ్చింది. ఆయనకి అక్క, పదేళ్ళు పెద్ద. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచానని రోజుకొకసారైనా గుర్తుచేస్తుంది. మంచం మీద తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది వీడికి? ఒంట్లో బాలేదా?"

"నిద్రపోతున్నారు వదినా."

"పట్టపగలు? వీడా?" వదిన గొంతు తగ్గించింది. "ఆ కంప్యూటర్ పోయిందట కదా. నిన్న చెప్పాడు. ఎప్పుడొస్తుంది?"

"రేపు."

"అంతా సరిగ్గా వస్తుందా?"

వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"చూడు పిల్లా, నీకు అది గిట్టదని నాకు తెలుసు. నాకూ గిట్టదు. కానీ వాడి ప్రాణం అందులో ఉంది. అన్యాయం జరిగిన మనిషికి ఆ కాగితాలే తిండీ నీళ్ళూ. అవి తిరిగి రాకపోతే వీడు మనకి దక్కడు. మా నాన్న అలాగే నిద్రలోనే పోయాడు, మంచాన పడ్డం కూడా లేదు. నిద్ర ఎక్కువైంది అనుకున్నాం అందరం."

వదిన వెళ్ళాక ఆమె మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆయన అలాగే ఉన్నాడు. ఇందాకటి నిద్రే, ఇందాకటి వెలుతురే. ఇప్పుడు చూస్తుంటే అది నిద్రలా కనిపించలేదు. దగ్గరికి వెళ్ళి ఛాతీ లేస్తోందా లేదా అని చూసింది. లేస్తోంది. అయినా అక్కడే నేల మీద కూర్చుంది, ఆయన లేచేదాకా.

*

శనివారం మొదటి బస్సు తప్పిపోయింది. రెండోది ఆలస్యంగా వచ్చింది. సందులో దాదాపు పరుగెత్తినట్టే నడిచి ఆమె మెట్ల కిందికి చేరేసరికి డాక్టరమ్మ టీ తాగుతూ తెర వైపు చూస్తోంది. తెర మధ్యలో పొడుగాటి తెల్లటి పట్టీ, అందులో ఆకుపచ్చ రంగు ఎడమ నుంచి కుడికి పాకుతోంది. దాని కింద అంకె. డెబ్భై ఒకటి.

"ఆపండి," అంది ఆమె. "ఆపెయ్యండి, నేను తప్పు చెప్పాను. లోపల ఉన్నాయి. చాలా ఉన్నాయి."

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"కూర్చోండి ముందు."

"ఆపండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"ఇది మూడో డిస్కు. మొదటి డిస్కు పెట్టిన మొదటి నిమిషంలోనే పాతదంతా పోతుంది. తర్వాత ఇంతసేపూ పట్టేది కొత్తది పరచడానికే. ఇప్పుడు ఆపితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు."

ఆమె స్టూలు మీద కూలబడింది. డెబ్భై రెండు. ఆ ఆకుపచ్చ పట్టీ ఎంత మెల్లగా జరుగుతోందంటే, కళ్ళార్పితే జరిగినట్టు, చూస్తుంటే ఆగినట్టు ఉంది. డిస్కు లోపల తిరుగుతున్న చప్పుడు, దూరంగా ఎక్కడో నీళ్ళు పడుతున్నట్టు. తొమ్మిదేళ్ళు ఒక్క నిమిషంలో పోయాయి. ఇల్లు చేరి ఆయన ముఖంలోకి చూసి ఏం చెప్పాలి? డాక్టరమ్మ పొరపాటు అని చెప్పొచ్చు. కరెంటు పోయిందని చెప్పొచ్చు. ఒక్క అబద్ధం కూడా ఆమె నోట్లో నిలబడలేదు. ఏడుపు వచ్చింది. ఏడ్చింది.

"అవి మా ఆయనవి," అంది ముక్కు చీదుకుంటూ. "నావి కావు. నేనెవర్ని వద్దనడానికి?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఆయనవని తెలుసు. గురువారం సాయంత్రం ఫోన్ చేశాను కదా."

"ఎవరికి?"

"మీ ఇంటికి. కార్డు మీద ఆ నంబరే ఇచ్చారుగా. తెచ్చినవాళ్ళ మాట మీద నేను తుడవనమ్మా. మునుపు ఒక అన్నగారు ఇలాగే తెచ్చి ఏమీ లేవన్నాడు. అతని చెల్లెలు మూడేళ్ళు కష్టపడి రాసుకున్న పుస్తకం నా చేతుల మీద పోయింది. అప్పట్నుంచి తెచ్చినవాళ్ళని ఒకసారి, ఇంటికి ఫోన్ చేసి వాడేవాళ్ళని ఒకసారి అడుగుతాను. మీ ఆయనే ఎత్తారు. లోపల కావలసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను."

"ఏమన్నారు?"

"చాలాసేపు ఏమీ అనలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత, మా ఆవిడ ఏం చెప్పింది అని అడిగారు. ఏమీ లేవన్నారండీ అన్నాను." డాక్టరమ్మ తెర వైపు చూసింది. డెబ్భై నాలుగు. "అయితే ఏమీ లేవు, అన్నారు."

ఆ తర్వాత నూరు వచ్చేదాకా ఆమె ఆ అంకెనే చూస్తూ కూర్చుంది. గురువారం సాయంత్రం. అంటే వరండాలో కూర్చున్నప్పటికే ఆయనకు తెలుసు. గడియ బిగించేటప్పుడు, చిక్కుడుకాయలు పాడుచేసేటప్పుడు, అద్దం గురించి అడిగేటప్పుడు, నిద్రపోయేటప్పుడు. అంతా తెలిసే.

*

తలుపు ఆయనే తీశాడు. మూట అందుకుని బల్ల మీద పెట్టి, విప్పి, తీగలు ఒక్కొక్కటే బిగించాడు. ఆమె చెప్పులైనా విడవకుండా నిలబడిపోయింది. గుర్తు వచ్చింది, చుక్కలు తిరిగాయి, తెర నీలంగా తెరుచుకుంది. ఒక మూలన చెత్తబుట్ట బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఆయన ఆ బుట్ట కూడా తెరిచి చూశాడు. మూసేశాడు.

"డాక్టరమ్మ చెప్పింది," అంది ఆమె. "మీరన్నది."

ఆయన తల ఊపాడు.

"నువ్వెందుకలా చెప్పావు?"

"నోట్లోంచి వచ్చేసింది." ఆగింది. "కాదు. తెలిసే చెప్పాను. మీకు అన్యాయం జరగలేదని కాదు. జరిగింది. ఎవరడిగినా అదే చెప్తాను. కానీ అందులో వాళ్ళందరికీ చోటుంది. నాకు లేదు. తొమ్మిదేళ్ళు నేను గుమ్మంలోనే నిలబడ్డాను."

ఆయన కుర్చీలో కాస్త పక్కకి జరిగాడు, అది ఒక్కరికే సరిపోయే కుర్చీ అయినా.

"ఆవిడ అడిగితే, ఏమున్నాయా అని ఆలోచించాను. ఒక్క అర్జీ కూడా మొదటి వరుస దాటి గుర్తు రాలేదు. అన్నీ నేనే రాసినవి." తెర వైపే చూస్తూ మాట్లాడుతున్నాడు. "అవన్నీ చదివింది లోకంలో నువ్వొక్కదానివే. ఆఫీసు వాళ్ళు కవరు కూడా చింపి ఉండరు. చదివిన మనిషే ఏమీ లేవంటే, ఇంక ఉన్నాయని నేనెవరికి చెప్పను?"

"కోపం రాలేదా?"

"రాకేం. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండిపోయింది. నీ మీద అర్జీ రాద్దామనుకున్నాను. గట్టిగా, ఆరు పేజీలు తక్కువ కాకుండా." ఆయన ఖాళీ తెర వైపు చెయ్యి చూపించాడు. "రాద్దామంటే కంప్యూటర్ లేదు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత పొట్టలో ఎక్కడో మొదలై, ఆపుకుందామన్నా ఆగకుండా పైకి వచ్చింది. కింద కూర్చుండిపోయి, మోకాళ్ళలో తల పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది. ఆమెను చూసి ఆయనకూ మొదలైంది. ఆయన నవ్వు అలవాటు తప్పి గొంతులో ఇరుక్కుని, ఎక్కిళ్ళలా, దగ్గులా, వింత చప్పుడుతో వచ్చింది. అది విని ఆమె ఇంకా నవ్వింది.

తలుపు దబదబ బాదిన చప్పుడైంది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి తీసింది. వదిన. జుట్టు విరబోసుకుని, ఒక చేతిలో మంచినీళ్ళ గ్లాసు, ఇంకో చేతిలో గుండెకి వేసుకునే మాత్రల డబ్బా, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు ఏడుస్తున్నారు?" అంది.

"ఎవరూ ఏడవట్లేదు వదినా. నవ్వుతున్నాం."

వదిన ఆమె ఎర్రబడ్డ కళ్ళ వైపు చూసింది. లోపల కుర్చీలో పొట్ట పట్టుకుని వంగిపోయిన తమ్ముణ్ణి చూసింది. ఒక్క ముక్క నమ్మలేదు. నేరుగా వెళ్ళి మాత్ర తీసి ఆయన చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడ్నుంచి కదల్లేదు.